ట్యాంకు పక్కన నిలబడిన ఆ జవాను ఎవరు?

అరుదైన యుద్ధ ఫొటోలు అచ్చవుతున్నాయి... పేర్లే దొరకడం లేదు

తంబళ్లపల్లె: ఈ ప్రాంతంలో ట్యాంకు అంటే చెరువే. వాన కురిస్తే నిండేది, లేకుంటే పగుళ్లిచ్చేది. సర్కారు రికార్డుల్లో కూడా చెరువును ట్యాంకు అనే రాస్తారు. ఫిరంగి బిగించుకుని గొలుసు చక్రాల మీద పాకే ఇనుప బండికి కూడా ఆ పేరే ఎందుకు వచ్చిందని బడిపిల్లలు అడిగితే పెద్దలకు జవాబు తోచదు.

ఆ పేరు వెనుక ఒక దొంగ నాటకం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండులో ఈ బండిని రహస్యంగా తయారు చేశారు. ఫ్యాక్టరీలో పనిచేసే కూలీలకు, చుట్టుపక్కల జనానికి ఇది నీళ్లు మోసే తొట్టి అని చెప్పారు. ఆ తొట్టి పేరే బండికి అతుక్కుపోయింది. చెరువుకు ట్యాంకు అనే ఇంగ్లీషు మాట గుజరాతీ, మరాఠీ వంటి మన దేశ భాషల్లోంచే వెళ్లిందని నిఘంటువులు చెబుతాయి. అంటే మన చెరువు పేరే తిరిగి తిరిగి యుద్ధ భూమికి చేరిందన్నమాట!

1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులోని సోమ్ నది దగ్గర ట్యాంకులు మొదటిసారి యుద్ధంలోకి దిగాయి. వాటి ఫొటో మాత్రం వెంటనే బయటికి రానివ్వలేదు. లండన్ పత్రికలో తొలి ఫొటో అచ్చయ్యేసరికి నవంబరు వచ్చింది. కవచ వాహనాల ఫొటోలకు ఆనాటి నుంచి రెండు ముళ్లు ఉన్నాయి. ఒకటి సెన్సారు, రెండోది పేరు లేకపోవడం. మొదటి ముడి ఇప్పుడు చాలావరకు వీడింది. రెండోది విప్పవలసిన బాధ్యతలో సగం పల్లెల మీదే ఉంది.

పెట్టెల్లోంచి బయటికి

రెండో ప్రపంచ యుద్ధంలో తీసిన ఫొటోలు లక్షల సంఖ్యలో లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉన్నాయి. బర్మా రంగంలో ఫొటోలు తీయడానికి బ్రిటిష్ సైన్యం ఒక ప్రత్యేక ఫొటోగ్రఫీ దళాన్నే నడిపింది. భారత సైన్యపు ప్రచార విభాగం వారు తీసినవి వేరే ఉన్నాయి. ఇంగ్లండులోనే బోవింగ్టన్ అనే చోట ట్యాంకుల మ్యూజియం ఉంది. మన దేశంలో 1994లో అహ్మద్‌నగర్‌లో అశ్విక దళ ట్యాంకుల మ్యూజియం తెరిచారు. ఆ ఊరి పేరు ఇప్పుడు అహిల్యానగర్. పాత రోల్స్ రాయిస్ కవచ కారు మొదలు శత్రువుల నుంచి పట్టుకున్న ట్యాంకుల వరకు అక్కడ కళ్లారా చూడవచ్చు.

ఈ ఫొటోలు ఒక్కొక్కటిగా పుస్తకాల్లో, పత్రికల్లో, క్యాలెండర్లలో అచ్చవుతున్నాయి. కొన్నింటిని మ్యూజియంలే సెల్‌ఫోనులో చూసుకునే వీలు కల్పించాయి. బండి పేరు, ఏ ఫ్యాక్టరీలో తయారైంది, ఎంత బరువు, ఫిరంగి గొట్టం ఎంత వెడల్పు అన్నది ఫొటో కింద వివరంగా ఉంటుంది. బండి ముందు నిలబడిన మనిషి గురించి మాత్రం చాలా చోట్ల "భారత సైనికుడు" అని రెండు మాటలతో సరిపెట్టారు. బండికి ఉన్న నంబరు పాటి గుర్తింపు కూడా ఆ మనిషికి దక్కలేదు.

ఇవి దూరదేశపు సంగతులు, మనకెందుకు అనుకోవడానికి లేదు. ఈ బండ్ల చరిత్రలో ఒక ముఖ్యమైన పాయ మన పక్క ఊరు ఆర్కాటులోనే పుట్టింది.

ఆర్కాటు గుర్రాలు, బర్మా కవచ కార్లు

చిత్తూరు నుంచి రాణిపేట దారిలో పాలారు దాటితే ఆర్కాటు. అక్కడి నవాబు 1776కు ముందే ఒక గుర్రపు దళాన్ని పోషించాడు. అది తరువాత ఈస్టిండియా కంపెనీ చేతిలోకి, మద్రాసు సైన్యంలోకి వెళ్లింది. పేర్లు చాలా మారాయి. చివరికి 16వ లైట్ కావల్రీ అయింది. నేడు భారత సైన్యంలోని కవచ దళాలన్నింటిలోకి పాతది ఇదే.

దళం పుట్టింది దక్షిణాదిలో. అయినా దక్షిణాది వాళ్లు యుద్ధానికి పనికిరారని ఇంగ్లీషు దొరలు ఒక సిద్ధాంతం అల్లారు. కొన్ని జాతులే వీరజాతులని చెప్పి ఉత్తరాది వారిని చేర్చుకుంటూ పోయారు. దాంతో ఆర్కాటు దళంలో ఆర్కాటు సీమ యువకులే కరువయ్యారు. 1923లో భారతీయ అధికారుల చేతికి క్రమంగా అప్పగించడానికి ఎంపిక చేసిన మొదటి 8 దళాల్లో మాత్రం ఇది ఒకటి.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి గుర్రాలు పోయి కవచ కార్లు వచ్చాయి. ట్యాంకుకూ కవచ కారుకూ తేడా తెలుసుకోవడం కష్టమేమీ కాదు. గొలుసు మీద నడిచేది ట్యాంకు. లారీ మాదిరి రబ్బరు చక్రాల మీద నడిచేది కవచ కారు. బురదలో, గుంటల్లో ట్యాంకుదే పైచేయి. రోడ్డు మీద వేగంగా ముందుకు పోయి శత్రువు ఎక్కడున్నాడో చూసి రావడానికి కవచ కారు మేలు.

డెయిమ్లర్ రకం కవచ కార్లతో 16వ లైట్ కావల్రీ 1945లో బర్మాలో పోరాడింది. మెయిక్తిలా పట్టణం మార్చి మొదటి వారంలో చేజిక్కింది. అక్కడి నుంచి రంగూన్ దారి పట్టిన సేనల్లో ఈ దళం ఉంది. మే 3న రంగూన్ మళ్లీ బ్రిటిష్ వారి వశమైంది. కూలికి, వ్యాపారానికి వెళ్లిన తెలుగువాళ్లు ఒకప్పుడు వేల సంఖ్యలో బతికిన పట్టణం అది. 1942లో జపాను దాడికి భయపడి వారిలో ఎందరో అడవుల వెంట నడుచుకుంటూ దేశానికి తిరిగి వచ్చారు.

ఈ దళాన్ని బర్మాలో నడిపిన అధికారి ఒక భారతీయుడు. పేరు జయంతనాథ్ చౌధురి. తెలుగు దేశంలో ఆ పేరు తెలియనివారు తక్కువ. 1948లో హైదరాబాదు మీద పోలీసు చర్య నడిపిన మేజర్ జనరల్ చౌధురి ఆయనే. 1965 యుద్ధంలో భారత సైన్యాధిపతీ ఆయనే.

స్వాతంత్ర్యం వచ్చే రోజులకు 16వ దళంలో మళ్లీ మార్పు జరిగింది. దక్షిణాది యువకులను చేర్చుకోవడం మొదలయింది. ఎక్కడ పుట్టిందో అక్కడి పిల్లల చేతికే బండి తాళం వచ్చింది. 1965 సెప్టెంబరు 8న సియాల్‌కోట రంగంలో గద్‌గోర్ దగ్గర జరిగిన పెద్ద ట్యాంకుల పోరులో సెంచూరియన్ ట్యాంకులతో ఈ దళం తలపడింది.

టాటా ఇనుముతో కవచం

అరుదైన ఫొటోల్లో ఒక వింత బండి కనిపిస్తుంది. ముక్కు వాలుగా ఉంటుంది. నాలుగు చక్రాలు. పైన కొన్నింటికి కప్పు కూడా లేదు. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో, ఇటలీ కొండల్లో, బర్మా అడవిలో మన సిపాయిలు దీన్ని నడుపుతూ కనిపిస్తారు. చాలామంది దీన్ని ఇంగ్లండు బండి అనుకుంటారు. కాదు, ఇది మన దేశంలో తయారైంది.

బండి అడుగు భాగం, ఇంజను కెనడాలోని ఫోర్డు కంపెనీ నుంచి వచ్చేవి. పైన బిగించే కవచపు రేకు జంషెడ్‌పూర్ టాటా ఉక్కు ఫ్యాక్టరీలో తయారైంది. రేకులు కోసి బిగించే పని రైల్వే వర్క్‌షాపుల్లో జరిగింది. అందుకే సిపాయిలు దీన్ని "టాటానగర్" అని పిలిచేవారు. 1940 తరువాత నాలుగైదేళ్లలో 4 వేలకు పైగా తయారయ్యాయి. గుండుసూది కూడా దిగుమతి చేసుకునే రోజులని చెప్పుకునే కాలంలో మన కార్మికులు కవచ వాహనం చేసి పంపారన్న సంగతి ఈ ఫొటోలు చూస్తే గాని నమ్మకం కుదరదు.

ఆ పని తరువాత కూడా ఆగలేదు. మద్రాసు దగ్గర ఆవడి ఫ్యాక్టరీలో 1965 డిసెంబరులో తొలి విజయంత ట్యాంకు బయటికి వచ్చింది. మెదక్ జిల్లాలో అప్పుడు ఉన్న ఎద్దుమైలారంలో 1984లో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ పెట్టారు. సిపాయిలను ఎక్కించుకుని పోరాడే "శరత్" కవచ వాహనాలు అక్కడే తయారయ్యాయి. తెలుగు కార్మికుల చేతిమీదుగా వెళ్లిన ఈ బండ్ల తొలినాటి ఫొటోలు కూడా ఇక చరిత్రలో భాగమే.

బండి కింద రోడ్డు ఎవరు వేశారు?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు నుంచి సైన్యంలో చేరేవారికి బెంగళూరు దగ్గర. 1780 నుంచి చరిత్ర ఉన్న మద్రాసు సాపర్ల కేంద్రం అక్కడే ఉంది. సాపర్లంటే సైన్యంలో రోడ్లు, వంతెనలు కట్టేవారు, పాతిపెట్టిన మందుపాతరలు తీసేవారు. ట్యాంకు ఎంత బలమైనదైనా వాగు దాటాలంటే వంతెన కావాలి. కొండ ఎక్కాలంటే దారి కావాలి. ఆ పని సాపర్లది.

దీనికి జోజిలా ఫొటోలను మించిన ఉదాహరణ లేదు. 1948లో కాశ్మీరులో సముద్ర మట్టానికి 11 వేల అడుగులకు పైన ఉన్న జోజిలా కనుమను శత్రువు పట్టుకుని కూర్చున్నాడు. అక్కడికి ట్యాంకులు వస్తాయని కలలో కూడా ఎవరూ అనుకోలేదు. 7వ లైట్ కావల్రీ వారి స్టువర్ట్ ట్యాంకుల పై భాగాలు ఊడదీసి, గుట్టుగా లారీల బారులో శ్రీనగర్ దాటించారు. ఈ 7వ దళం కూడా పుట్టుకతో మద్రాసు సైన్యానిదే. మంచు పడుతుండగా నవంబరు 1న ట్యాంకులు కనుమ ఎక్కాయి. జనరల్ తిమ్మయ్య స్వయంగా ముందున్న ట్యాంకులో ఉన్నారు. శత్రువు బంకర్లు వదిలి పరుగెత్తాడు. అదే నవంబరులో ద్రాస్, కార్గిల్ మన చేతికి వచ్చాయి.

అంత ఎత్తున ట్యాంకులతో జరిగిన పోరు కనుక ఆ ఫొటోలు సైనిక చరిత్ర పుస్తకాల్లో తరచు అచ్చవుతాయి. ఫొటో కింద ట్యాంకు పేరు, దళం పేరు ఉంటాయి. ఆ ట్యాంకు నిలబడిన దారిని మంచులో, తుపాకి కాల్పుల మధ్య చెక్కినవారు మద్రాసు సాపర్లు. బాల్తాల్ నుంచి కనుమ దాకా కంచర గాడిదలు నడిచే బాటను వాళ్లు ట్యాంకు పట్టే దారిగా మార్చారు. ఫొటోలో దారి కనిపిస్తుంది. దాన్ని వేసినవాడు కనిపించడు.

ఇటలీలోనూ ఇదే కథ. 1944 ఫిబ్రవరిలో మందుపాతరలు తీస్తున్న చోట తోటివారిని కాపాడడానికి తన ఒంటినే అడ్డం వేసి ప్రాణం విడిచిన మద్రాసు సాపర్ల సుబేదారు సుబ్రమణ్యానికి జార్జి క్రాస్ పతకం వచ్చింది. పతకం వచ్చింది కనుక ఆ పేరు మిగిలింది. పతకం రాని వారి పేర్లు ఇంటివాళ్ల జ్ఞాపకంలోనే ఉండాలి.

ఫొటో చూపేది, చూపనిది

తెలుగువారికి బాగా దగ్గరి కవచ వాహనాల ఫొటోలు 1948 సెప్టెంబరువి. 13వ తేదీ తెల్లవారుజామున భారత సేనలు హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించాయి. ప్రధాన సేన షోలాపూర్ వైపు నుంచి నల్దుర్గ్ మీదుగా నడిచింది. బెజవాడ వైపు నుంచి మేజర్ జనరల్ రుద్ర నాయకత్వంలో మరో సేన కోదాడ, మునగాల, సూర్యాపేట దారిన సాగింది. నిజాం సైన్యానికి కూడా హంబర్, స్టాగ్‌హౌండ్ రకాల కవచ కార్లు ఉన్నాయి. అయితే పోరు ఎక్కువ రోజులు సాగలేదు. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న నిజాం సేనాపతి ఎల్ ఎద్రూస్ చౌధురి ముందు లొంగిపోయాడు. ఆ లొంగుబాటు ఫొటో నేటికీ ప్రతి సెప్టెంబరులో పత్రికల్లో వస్తుంది.

ట్యాంకుల వెంట జనం, చేతులు కలుపుతున్న అధికారులు... ఫొటోలు చూస్తే కథ అక్కడితో ముగిసినట్లే ఉంటుంది. కాని తరువాతి రోజుల్లో సంస్థానంలోని పలు జిల్లాల్లో జరిగిన హత్యాకాండ మీద కేంద్ర ప్రభుత్వమే పండిత సుందర్‌లాల్ నాయకత్వంలో ఒక కమిటీని పంపింది. 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని ఆ కమిటీ అంచనా వేసింది. నివేదిక దశాబ్దాల తరబడి బయటికి రాలేదు. జనం చూసేందుకు వీలు కలిగేసరికి 2013 వచ్చింది. అంతకు ముందు రజాకార్ల చేతిలో పల్లెలు పడిన బాధలకు కూడా ఫొటోలు తక్కువే. కెమెరా ఎటు తిరిగిందో అదే ఫొటోలో పడుతుంది. అందుకని పాత ఫొటో అచ్చువేసేటప్పుడు తేదీ, చోటు, తీసినవారెవరు అన్న మూడూ వేయాలి. అవి లేకుంటే ఒక ఊరి ఫొటోను మరో ఊరిదని, ఒక యుద్ధపు ట్యాంకును మరో యుద్ధానిదని నమ్మించడం తేలిక.

అలాంటి పొరపాట్లు కొత్తేమీ కావు. 1965 సెప్టెంబరులో పంజాబులోని అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులు చెరకు తోటల్లో, బురదలో చిక్కి నాశనమయ్యాయి. చిక్కిన ట్యాంకులను ఒక్కచోట చేర్చి నిలబెడితే ఆ స్థలానికి ప్యాటన్ నగర్ అన్న పేరు వచ్చింది. 1971 నవంబరు 21న తూర్పు బెంగాలులోని గరీబ్‌పూర్ దగ్గర మన 45వ కావల్రీ దళం పి.టి.76 ట్యాంకులతో శత్రువు షాఫీ ట్యాంకుల దళాన్ని దెబ్బతీసింది. పి.టి.76 నీళ్లలో ఈదగల ట్యాంకు. నిజంగా చెరువులో దిగే ట్యాంకన్నమాట! ఈ మూడు రకాలకూ పోలికే లేదు. అయినా ఈ రెండు యుద్ధాల ఫొటోలను కలగలిపి అచ్చువేసిన సందర్భాలున్నాయి. బండి రూపం తెలిసినవారు చూస్తే తప్పు అప్పుడే దొరుకుతుంది.

గుర్తులు చదివే పద్ధతి

పాత ఫొటోలో బండి ఉంటే దాని మీది గుర్తులే సగం కథ చెబుతాయి. రెండో ప్రపంచ యుద్ధపు బండ్ల ముందు భాగాన ఒక గుండ్రటి మచ్చలో అంకె ఉంటే అది బండి నంబరు కాదు. ఆ బండి ఎంత బరువును తట్టుకునే వంతెన మీద పోవచ్చో చెప్పే అంకె. ఒక మూల బొమ్మ ఉంటే అది డివిజను గుర్తు. ఎర్ర గద్ద ఉంటే 4వ భారత డివిజను. ఆ డివిజను ఉత్తర ఆఫ్రికా, ఇటలీ రంగాల్లో పోరాడింది కనుక ఫొటో ఏ దేశంలో తీసిందో ఊహించవచ్చు. కొన్ని ఫొటోల్లో ఈ గుర్తుల చోట తెల్లగా గీకినట్టు ఉంటుంది. ఫొటో పాడైందనుకోకూడదు. శత్రువుకు తెలియకుండా సెన్సారు వారు చెరిపేసిన చోటు అది.

మనిషి ఒంటి మీది గుర్తులు కూడా చూడాలి. టోపీ బిళ్ల, భుజం మీది అక్షరాలు, చేతి మీది పట్టీలు భూతద్దంతో చూస్తే దళం, హోదా తెలుస్తాయి. ఫొటో స్టూడియోలో తీసిందయితే కింద ముద్ర ఉంటుంది. బెంగళూరు, సికింద్రాబాదు, రాంచీ, రావల్పిండి... ఆ ముద్ర ఊరిని బట్టి జవాను ఎక్కడ పనిచేశాడో ఒక ఆధారం దొరుకుతుంది.

ట్రంకు పెట్టె తెరవండి

రెండో ప్రపంచ యుద్ధం ముగిసే నాటికి భారత సైన్యం 25 లక్షలకు పెరిగింది. మద్రాసు రాష్ట్రం నుంచి వెళ్లినవారు లక్షల్లో ఉన్నారు. వానలు లేక సేద్యం కూలిన ఏడు సైన్యంలో చేరి ఇంటికి మనియార్డరు పంపిన కొడుకులు రాయలసీమలో తక్కువేమీ కాదు. ములకలచెరువులోనో, మదనపల్లె రోడ్డు స్టేషనులోనో, కుప్పంలోనో రైలెక్కి పోయినవారి వెంట తిరిగి వచ్చినవి రెండే: నల్ల ట్రంకు పెట్టె, అందులో ఒకటో రెండో ఫొటోలు.

ఆ తరం వారు దాదాపుగా వెళ్లిపోయారు. 1945లో 20 ఏళ్లవాడు ఈనాడు ఉంటే నూరు దాటి ఉంటాడు. 1965లో పోరాడినవారు కూడా ఎనభైకి అటూ ఇటూగా ఉన్నారు. ఫొటోలోని మనిషిని చూసి "ఇతడు మా తమ్ముడి తోటివాడు" అని వేలు పెట్టి చూపగల ముసలమ్మ ఇంట్లో ఉన్నప్పుడే అడిగి రాసుకోవాలి. ఆమె తరువాత అడగడానికి ఎవరూ ఉండరు.

ఫొటోలను కాపాడడానికి ఖర్చు పెద్దగా అవసరం లేదు. నలుపు తెలుపు ఫొటో కాగితం మీద ఉండేది వెండి పూత. తేమ, ఎండ, చెమట చేయి దాన్ని తింటాయి. కొన్ని జాగ్రత్తలు:

ఫొటో వెనుక బాల్‌పెన్నుతో రాయకూడదు. ఒత్తిడికి ముఖం మీద గీత పడుతుంది. మెత్తటి పెన్సిలుతో నెమ్మదిగా రాయాలి.

పేరు, తండ్రి పేరు, ఊరు, దళం, ఏ సంవత్సరం, ఎవరు చెప్పారు అన్న ఆరు సంగతులూ రాయాలి. తెలియనిది ఊహించి రాయకూడదు, ఖాళీ వదలాలి.

గోడకు తగిలించిన ఫొటో మీద ఎండ పడకుండా చూడాలి. వీలుంటే నకలు తగిలించి అసలు దాచాలి.

బంకతో ఆల్బంలో అతికించకూడదు. లామినేషన్ చేయిస్తే మళ్లీ విప్పడం కుదరదు. ప్లాస్టిక్ కవరులో చెమ్మ పడుతుంది. శుభ్రమైన కాగితంలో చుట్టి, నూలు గుడ్డలో పెట్టి, పొడి చోట ఉంచడం మేలు.

సెల్‌ఫోనుతో నకలు తీయాలంటే ఎండలో కాక నీడలో, వెలుతురు సమంగా పడేచోట ఫొటోను చదునుగా పెట్టి తీయాలి. వెనుక వైపు కూడా తీయాలి. ఒక్కోసారి ముందు బొమ్మ కన్నా వెనుక రాతే విలువైనది.

అచ్చువేయవచ్చా?

మిలిటరీ ఫొటో బయటపెడితే కేసు పెడతారేమోనన్న భయం పల్లెల్లో ఉంది. భయంలో కొంత అర్థం లేకపోలేదు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం నేటికీ అమలులో ఉంది. ఇప్పుడు సైన్యంలో ఉన్న కొడుకు పంపిన ఫొటోలో శిబిరం, బండి, ఆయుధం, సరిహద్దు చోటు కనిపిస్తే దాన్ని ఎక్కడా పెట్టకూడదు. అది వేరే సంగతి. తాతల నాటి బర్మా ఫొటోకు ఆ గొడవ లేదు.

హక్కుల సంగతి మరొకటి. మన కాపీరైటు చట్టం ప్రకారం ఇప్పుడు ఫొటోకు సాధారణంగా తీసినవారి జీవితకాలం, వారు పోయిన ఏడాది తరువాత మరో 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. బ్రిటిష్ ప్రభుత్వం తరఫున 1957 జూన్‌కు ముందు తీసిన ఫొటోలకు హక్కు తీసిన నాటి నుంచి 50 ఏళ్లే. కనుక యుద్ధకాలపు సర్కారు ఫొటోలకు ఆ గడువు ఎప్పుడో దాటింది. మంచి నకలు కావాలంటే మ్యూజియంలు రుసుము తీసుకుంటాయి. ఎక్కడి నుంచి తెచ్చారో అచ్చులో చెప్పడం మర్యాద.

మన రక్షణ శాఖ కాగితాల విషయంలోనూ మార్పు వచ్చింది. 25 ఏళ్లు దాటిన రికార్డులను పరిశీలించి జాతీయ ఆర్కైవ్స్‌కు పంపాలని 2021 జూన్‌లో విధానం ప్రకటించారు. అది సక్రమంగా సాగితే 1965, 1971 యుద్ధాల ఫొటోలు ఇంకా ఎన్నో వెలుగులోకి వచ్చే అవకాశం ఉంది. అవి వచ్చిననాడు ఫొటోలోని ముఖాలను గుర్తుపట్టేవారు ఉండాలి కదా!

పేరు దొరికే దారులు

తిరిగి రాని వారి పేర్లు వెతకడానికి ఒక మంచి దారి ఉంది. రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన సైనికుల సమాధులను, స్మారకాలను కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ చూసుకుంటుంది. రంగూన్ దగ్గర తౌక్యాన్‌లోని స్మారకం మీద సుమారు 27 వేల పేర్లు చెక్కి ఉన్నాయి. సమాధి కూడా దొరకని వారి పేర్లు అవి. ఆ సంస్థ పట్టికల్లో చాలామందికి తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా రాసి ఉన్నాయి. డబ్బు కట్టకుండానే వెతకవచ్చు. ఇంగ్లీషు అక్షరాల్లో మన ఊళ్ల పేర్లు రకరకాలుగా పడ్డాయి కనుక ఒకే తీరుగా కాక నాలుగైదు తీరుల్లో వెతకాలి. హైస్కూలు పిల్లలు పూనుకుంటే ఒక్క సెలవు రోజు పని.

బతికి వచ్చి పింఛను పొందినవారి వివరాలకు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని అడగవచ్చు. కవచ దళాల రికార్డులు అహిల్యానగర్‌లో, మద్రాసు సాపర్ల రికార్డులు బెంగళూరులో, మద్రాసు రెజిమెంటువి నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉన్నాయి. సైనికుడి నంబరు తెలిస్తే పని సులువు. ఆ నంబరు పాత పింఛను పుస్తకంలోనో, పతకం అంచు మీదనో ఉంటుంది. ఇత్తడి సామానుతో పాటు పతకాన్ని తూకానికి వేయబోయే ముందు ఒక్కసారి అంచు చూడండి.

పంజాబులో ఇలాంటి పనే పెద్ద ఎత్తున జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లిన సుమారు 3 లక్షల 20 వేల మంది పేర్లు ఊరివారీగా రాసిన దస్తావేజులు లాహోర్ మ్యూజియంలో నూరేళ్లు మూలబడి ఉన్నాయి. 2021లో వాటిని జనం చూసేందుకు విడుదల చేయడం మొదలుపెట్టారు. తాతల పేర్లు దొరికిన కుటుంబాలు రెండు దేశాల్లోనూ ఉన్నాయి. పశ్చిమ గోదావరిలోని మాధవరం ఊరికి మిలటరీ మాధవరమనే పేరు స్థిరపడడానికి కారణం ఆ ఊరి నుంచి ఎందరో సైన్యంలో చేరడమే.

తంబళ్లపల్లె, పెద్దమండ్యం, ములకలచెరువు వైపు కూడా ఊరికో పట్టిక రాసుకోవచ్చు. గ్రామ పంచాయతీ గోడ మీద, బడిలో, గుడి దగ్గర, ఎక్కడ వీలయితే అక్కడ. ఫలానా ఇంటి నుంచి ఫలానావారు, ఫలానా యుద్ధం, ఫలానా దళం అని నాలుగు వరుసలు చాలు. పక్కన ఫొటో ఉంటే మరీ మంచిది.

జోజిలా మంచులో, మెయిక్తిలా మట్టిలో నడిచిన బండ్లలో కొన్ని ఈనాటికీ మ్యూజియంలో రంగు వేసుకుని నిలబడి ఉన్నాయి. వాటికి పేరు బోర్డు ఉంది, కాపలా ఉంది. వాటిని నడిపినవారి, వాటికి దారి వేసినవారి గుర్తులు మాత్రం పల్లెల్లో అటక మీది పెట్టెల్లో ఉన్నాయి. వచ్చే సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు ఆ పెట్టె దించి, పెన్సిలు చేతబట్టి, ఇంటి పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకుంటే ఒక పూటలో ఆ పేరు కాగితం మీదికి వస్తుంది.